లెవెల్ బుక్కు, రబ్బరు ముక్క

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరే బావా,

నీ ఇంటి లింటెల్ పని నిన్నటితో అయిపోయింది, తూర్పు కిటికీ దగ్గర తప్ప. అక్కడ మేస్త్రీకీ నాకూ చిన్న పేచీ వచ్చింది. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవకుండా ఫోన్ కొడతావు, నీ సంగతి నాకు తెలీదా? వాట్సాప్ ఉండగా ఉత్తరం ఏమిట్రా అంటావేమో. వాట్సాప్‌లో ఏం పెట్టినా నువ్వు బొటనవేలు బొమ్మొకటి పడేసి ఊరుకుంటావు. దానర్థం సరేననా, చూశాననా, తర్వాత చూస్తాననా? చెల్లాయినే అడిగాను, తనకీ తెలియదంది.

అమ్మ నిన్ను తలుచుకుంది. మాగాయ ముక్కలు ఎండబెడుతూ, "మస్కట్‌లో ఎండకేం కరువు, వాణ్ణే ఎండబెట్టుకోమను" అంటూనే నీ వాటా సీసా వేరే తీసి పెట్టింది.

ఇక నా ఉద్యోగం. సివిల్ చదివి అమీర్‌పేటలో జావా నేర్చుకున్న ద్రోహినని తిట్టేవాడివిగా, సంతోషించు, ద్రోహికి శిక్ష పడింది. ఊరంతా తిరిగి మళ్ళీ కాంట్రాక్టు కాగితాల దగ్గరికే వచ్చి పడ్డాను. టెక్సాస్‌లో బడి భవనాలు కట్టే ఒక కాంట్రాక్టరుకి మా కంపెనీ ప్రోగ్రాములు రాసిపెడుతోంది. అందులో నా వంతు ఛేంజ్ ఆర్డర్లు. నువ్వు ఫిడిక్ కాంట్రాక్టు 13వ క్లాజు జపిస్తూ వేరియేషన్ అంటావే, మన పీడబ్ల్యూడీ వాళ్ళు డీవియేషన్, ఎక్స్‌ట్రా ఐటెం అంటారే, అదే. పని మారింది, దాంతో డబ్బో గడువో మారింది, అందరికీ సమ్మతమే అని రాసుకునే కాగితం. అక్కడ ఓనరు, కాంట్రాక్టరు, ఆర్కిటెక్టు ముగ్గురూ సంతకాలు పెడతారు.

ఇప్పుడు ఆ కాగితాలన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటున్నాయి. మనిషి కూర్చుని బటన్లు నొక్కకుండా, నేను రాసిన ప్రోగ్రామే వెళ్ళి అందులో చదివి, రాసి రావడానికి ఒక దారి ఉంటుంది, దాన్నే ఏపీఐ అంటారు. ట్రెజరీ ఆఫీసు కౌంటరు అనుకో. ఫారం సరిగ్గా నింపి లోపలికి తోస్తే పనవుతుంది. లేదంటే దాని మీద ఓ నంబరు వేసి వెనక్కి కొడుతుంది. కౌంటరులో గుమాస్తాని బతిమాలుకోవచ్చు, ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

కిందటి వారం ఒక మెయిల్ వచ్చింది. ఒక బడి పనిలో 7వ నంబరు ఛేంజ్ ఆర్డరు, తలుపుల ఫ్రేములు మార్చినందుకు. 18,520 డాలర్లు పడాల్సిన చోట ఎవరో 18,250 కొట్టారు. ముగ్గురూ సంతకాలు పెట్టేశారు. ఆ తర్వాత 8, 9 నంబర్లు కూడా సంతకాలైపోయాక ఎవరికో తప్పు కనిపించింది. "ఏపీఐతో అప్‌డేట్ చేసెయ్, రెండు నిమిషాల పని" అని మెయిల్. రెండు నిమిషాల పని అంటే చాలు, నాకు ఎక్కడలేని హుషారూ వస్తుందిగా. నా జీవితంలో రెండు రోజులు తినేసిన పనులన్నీ అలా మొదలైనవే.

మొదట పుట్ అనే ఆజ్ఞ వాడాను. పాత కాగితం తీసి అవతల పారేసి నేనిచ్చింది పెట్టు అని దానర్థం. నేనిచ్చింది ఒక్క అంకె. అది బుద్ధిగా ఆ అంకె పెట్టి, వివరం, తేదీ, గడువు రోజులు అన్నీ ఖాళీ చేసింది. నేను వాడాల్సింది ప్యాచ్. చెప్పిన చోట మాత్రమే మార్చి మిగతాది ముట్టుకోదు. 2010లో దాన్ని ప్రమాణంగా రాసి పెట్టిందే నాలాంటి వాళ్ళ కోసం. ముందు టెస్టు కాపీలో చూసుకోవద్దా అంటావు. టెస్టు కాపీలోనేరా! వయసుతో పాటు కొంచెం బుద్ధి కూడా వచ్చిందని నువ్వెప్పుడు నమ్ముతావు?

తర్వాత ప్యాచ్ పంపాను. 422 అని తిరిగొచ్చింది. ఫారం సరిగ్గానే ఉంది, చదివాను, కానీ ఈ పని చేయను అని దాని భావం. ఆమోదం పొందిన ఛేంజ్ ఆర్డర్‌లో డబ్బు మార్చకూడదట. నాకు రోషం వచ్చింది. కాసేపు వెతికితే సందు దొరికింది. ముందు దాని స్థితిని ఆమోదం నుంచి చిత్తుకి దించు, అంకె మార్చు, మళ్ళీ ఆమోదానికి ఎక్కించు. మూడు పిలుపులు, ఒక సెకను. టెస్టు కాపీలో బ్రహ్మాండంగా పనిచేసింది. కాలరెగరేసుకుని ఆ రాత్రి మీటింగులో చూపించాను.

వాళ్ళ అకౌంట్స్ చూసే పెద్దావిడ అంతా ఓపిగ్గా చూసి ఒకే ఒక్క మాట అడిగింది. "ఓనరు సంతకం పెట్టింది ఏ అంకె మీద?"

బావా, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఎవరనుకున్నావు? మన సర్వే సారు. థర్డియర్ క్యాంపు, నువ్వు ఎండలో కొలత కర్ర, అదే స్టాఫు, పట్టుకుని నిలబడి నన్ను బూతులు తిడుతున్నావు, నేను నేల ఎత్తుల లెక్క లెవెల్ బుక్కులో రాస్తున్నాను. చివర్లో చెక్ కుదరలేదు. బ్యాక్‌సైట్ల మొత్తంలోంచి ఫోర్‌సైట్ల మొత్తం తీసేస్తే ఎంతొస్తుందో, ముందే తెలిసిన చివరి లెవెల్లోంచి మొదటి లెవెల్ తీసేసినా అంతే రావాలి కదా. రాలేదు. మళ్ళీ కొలవమంటే నువ్వు నన్ను స్టాఫుతో కొట్టేలా ఉన్నావని, ఒక ఫోర్‌సైట్ చెరిపి, కింద లెవెళ్ళన్నీ దిద్ది కుదిర్చాను. సారు పేజీని ఎండకి పట్టి చూశారు. కాగితం పలచబడ్డ చోటు కనబడింది. నా జేబులో రబ్బరు ముక్క తీసి చెరువులోకి విసిరేశారు. నువ్వు నవ్వావు. నేనింకా మర్చిపోలేదు.

ఆవిడ పట్టుకున్నదీ అదే తప్పు. అక్కడి ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ వాళ్ళ జీ701 అని ఒక ఫారం ఉంటుంది, ఛేంజ్ ఆర్డరుకి. దాని మీద కొత్తగా ఎంత పెరిగిందో మాత్రమే రాసి ఊరుకోరు. అసలు కాంట్రాక్టు ఎంత, ఇంతకుముందు ఛేంజ్ ఆర్డర్ల వల్ల నికరంగా ఎంత మారింది, ఈ కాగితానికి ముందు మొత్తం ఎంత, దీంతో ఎంతయింది, అన్నీ వరసగా రాస్తారు. మన 7వ నంబరుకి ముందు 20,61,400. దానికి 18,250 కలిస్తే 20,79,650. 8వ కాగితం ఆ 20,79,650తోనే మొదలై, 4,000 తగ్గి, 20,75,650 దగ్గర ఆగుతుంది. 9 అక్కడ అందుకుని, 9,900 పెరిగి, 20,85,550కి చేరుతుంది. నేను 7లో గుట్టుగా 270 కలిపానే అనుకో, 8, 9 కాగితాల మీద సంతకాలు పడ్డ మొదటి అంకెలు రెండూ అబద్ధాలైపోవా? ఈలోగా నెల బిల్లు కూడా ఆ లెక్క మీదే వెళ్ళింది, డబ్బులూ వచ్చాయి. ఒక్క ఫోర్‌సైట్ చెరిపితే కింద లెవెళ్ళన్నీ కదిలినట్టే.

270 డాలర్లకి ఇంత గోలా అంటావా? నువ్వే అనకూడదు. కాలువ పనుల్లో ఉన్న రోజుల్లో కొలతల పుస్తకం, అదే ఎం.బుక్ గురించి నాకు క్లాసు పీకింది ఎవరు? పేజీలకి నంబర్లుంటాయి, చింపకూడదు, చెరపకూడదు, తప్పు పడితే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ పెట్టాలి, కొట్టేసింది కూడా కనబడాలి అని. నేను విన్నాను కానీ వంటబట్టించుకోలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అప్‌డేట్ అంటే పాతది పోయి కొత్తది రావడం. మీ కాంట్రాక్టుల వాళ్ళకి పాతది అలాగే ఉండి, దాని కింద కొత్తది చేరడం. మాట ఒకటే, అర్థాలు రెండు. ఇన్నాళ్ళూ నేను మొదటి అర్థం పట్టుకుని రెండోవాళ్ళకి పనిచేస్తున్నాను.

చివరికేం చేశామంటే, 7ని ముట్టుకోలేదు. 10వ నంబరు కొత్తగా వేశాం: "7వ నంబరులో అంకె తారుమారైనందుకు సవరణ, 270". ముగ్గురి సంతకాలతో మొత్తం 20,85,820 అయింది. దీంట్లోనూ నా చెయ్యి పడింది, దాచడం దేనికి. కొత్తది వేయమని పంపగానే కరెంటు పోయి నెట్ తెగింది. జవాబు రాలేదు కదా అని కరెంటొచ్చాక మళ్ళీ పంపాను. 10, 11 రెండూ తయారయ్యాయి! రసీదు రాలేదని మనియార్డరు రెండోసారి కట్టినట్టు. ఇంకా చిత్తులోనే ఉన్నాయి కాబట్టి 11ని తీసేసి బతికిపోయాను. ఇప్పుడు మళ్ళీ పంపేముందు, ఇది అప్పటికే చేరిందా అని అడిగి చూసుకునేలా మార్చాను.

అయితే ఏపీఐ వృథా అనుకోకు. సంతకాలకి ముందు చిత్తులో ఎన్నిసార్లు మార్చినా ఎవరికీ అభ్యంతరం లేదు. సబ్ కాంట్రాక్టర్ల కొటేషన్లలోంచి అంకెలు తెచ్చి చిత్తుల్లో నింపే పని హాయిగా దానిదే. చేత్తో కొట్టకపోతే 520 కాస్తా 250 అవదు కదా. సంతకాలయ్యాక మాత్రం నా ప్రోగ్రాము చదవడమే, రాయడం లేదు. ఆ మూడు పిలుపుల తెలివితేటలు నేనే కొట్టేశాను. దాని బదులు రోజూ రాత్రి అసలు కాంట్రాక్టుకి ఆమోదమైన ఛేంజ్ ఆర్డర్లన్నీ కలిపి, అకౌంట్స్‌లో ఉన్న మొత్తంతో పోల్చుతుంది. తేడా వస్తే దిద్దదు, మెయిల్ పంపుతుంది. అంతే. ఇందాక చెప్పిన లెవెల్ బుక్కు చెక్కే ఇది. సారు ఎక్కడున్నారో కనుక్కుని చెప్పాలనుంది, కానీ ఆ రబ్బరు గురించి అడుగుతారేమోనని భయం.

ఇప్పుడు కిటికీ. ప్లానులో తూర్పు కిటికీ 4 అడుగులు. నువ్వు ఫోన్లో 6 అడుగులు చేయమన్నావని మేస్త్రీ అంటాడు. నాతో అన్నది 5. సరే, మేస్త్రీ మాటే కానిద్దామని లెక్కల నోటుబుక్కులో 4 మీద పెన్నుతో 6 అని దిద్దబోయాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "దాని మీద దిద్దకండి బాబూ, కింద కొత్తగా రాయండి. రేపు డబ్బుల దగ్గర మీరూ మేమూ మాటనుకోవాల్సొస్తుంది" అన్నాడు. టెక్సాస్ వాళ్ళు ఒక వారం పట్టి నేర్పింది మనూరి మేస్త్రీకి ముందే తెలుసు. ఇంకెక్కడా దొరకలేదన్నట్టు నేను అక్కడిదాకా వెళ్ళి నేర్చుకున్నాను.

కాబట్టి బావా, కిటికీ ఎన్ని అడుగులో, లింటెల్ ఊచకీ గ్రిల్లుకీ కలిపి ఎంత దాకా ఒప్పుకుంటావో తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఫోటో తీసి పంపు. బొటనవేలు బొమ్మ చెల్లదు. మేస్త్రీ గురువారం దాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత ప్లానులో ఉన్నట్టే 4 అడుగులకి కట్టేస్తాడు.

నీ ద్రోహి.