తండ్రియే కథానాయకుడుగా

పూర్వీకుల కీర్తిని కావ్యాలలో నిలపడం రాజాస్థానాలలో పరిపాటి. తంజావూరును 1673 వరకు ఏలిన విజయరాఘవ నాయకుడు తన తండ్రి రఘునాథ నాయకుని ఏకంగా రంగస్థలం మీదికే తెచ్చాడు.

'రఘునాథాభ్యుదయం' యక్షగానం. దరువులు, ద్విపదలు అందులో కథను నడుపుతాయి. ఇదే పేరుతో రామభద్రాంబ రచించిన సంస్కృత కావ్యంలో రఘునాథుడు రణవిజేత. కుమారుని రచనలో శృంగారనాయకుడు. కన్నతండ్రి ప్రణయాన్ని కొడుకే పాటలుగా కట్టి సభలో ఆడించడం నేటివారికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. శాసనాలకు, దస్తావేజులకు అలవాటుపడిన చరిత్రకారునికి మరీను! కాని నాయకరాజుల దృష్టిలో భోగం రాజలక్షణం. పైగా రఘునాథుడు స్వయంగా కవి, వైణికుడు. అతని యుద్ధాలను వర్ణించి చెప్పవచ్చు. వీణ పలికించిన మనిషిని చూపడానికి మాత్రం పాటే కావాలి. ఆ సంగతి కొడుకుకు తెలిసినంతగా ఆస్థానకవులకు తెలియదేమో.

1673లో మధుర నాయకుని సేనలతో పోరాడుతూ విజయరాఘవుడు మరణించాడు. రాజ్యం చేతులు మారింది. తరువాత వచ్చిన మరాఠా ప్రభువులు తెలుగు యక్షగానాన్ని విడువలేదు. షాహజీ స్వయంగా 'పల్లకిసేవా ప్రబంధం' రచించాడు. రఘునాథుని కథ తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం ద్వారా అచ్చుకెక్కి మనకు దక్కింది. దక్కినది సాహిత్యమే. నేడు దానిని ఆడదలచినవారు బాణీలు కొత్తగా కట్టుకోవలసి ఉంటుంది.