ఆమె అడగని పగ

'డెక్స్టర్' అనే అమెరికన్ క్రైమ్ సీరియల్ ఐదో సీజన్ చూసినవాళ్ళకు లూమెన్ గుర్తుండే ఉంటుంది. 2010లో షోటైమ్ ఛానెల్‌లో వచ్చిందది. మయామీ పోలీసుల దగ్గర రక్తపు మరకలు చూసి నేరం ఎలా జరిగిందో చెప్పే నిపుణుడు డెక్స్టర్. పగలు ఆ ఉద్యోగం చేస్తూ, చట్టానికి చిక్కని హంతకులను రాత్రిళ్ళు వెతికి చంపుతుంటాడు. అలా ఒకణ్ణి చంపుతుండగా ఆ ఇంట్లోనే బందీగా ఉన్న ఓ అమ్మాయి చూస్తుంది. ఆమే లూమెన్. కొందరు మగవాళ్ళు కలిసి ఆమెను బంధించి చెప్పరాని హింస పెట్టారు. వాళ్ళందరినీ చంపాలంటుంది ఆమె. వద్దంటాడు, ఇంటికి వెళ్ళిపొమ్మంటాడు, చివరికి తోడు నిలుస్తాడు. ఒక్కొక్కరే చస్తారు. వేదికలెక్కి జనానికి ధైర్యం నూరిపోసే జోర్డన్ ఛేజ్ అందరిలోకీ పెద్దవాడు. అతన్ని ఆమే పొడిచి చంపుతుంది. ఆ తర్వాత ఆమెలో పగ ఉండదు. డెక్స్టర్‌ని కూడా వదిలి వెళ్ళిపోతుంది.

ఆ సీజన్ నేను ఓ స్నేహితుడి హార్డ్ డిస్క్‌లోంచి తెచ్చుకుని, రాత్రుళ్ళు మేలుకుని చూశాను. లూమెన్ కత్తి దింపినప్పుడు ఏడ్చాను కూడా. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా చిన్నాన్న కూతురు నా గదికి వచ్చి తనకు జరిగింది చెప్పింది. ఆ సాయంత్రం నుంచి నేను చేసిన పనుల వల్ల ఆమెకు రెండోసారి అన్యాయం జరిగింది. ఈ వ్యాసం ఆమె చదివింది. కొన్ని చోట్ల కొట్టేయమంది, కొట్టేశాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

హైదరాబాదులో ఉద్యోగం ఇప్పిస్తానని ఆమెను ఊరినుంచి తెచ్చింది నేనే. చిన్నాన్న ఒప్పుకోకపోతే, "నేనున్నాను కదా, నా చెల్లెల్ని నేను చూసుకోనా" అని మాటిచ్చాను. అమీర్‌పేటలో హాస్టల్ వెతికిందీ నేనే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత నేను చూపించిన కోపమంతా ఈ మాటలోంచి పుట్టింది. అది ఆమె కోసం వచ్చిన కోపమనే అప్పుడు అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె చాలా మెల్లగా చెప్పింది. వరసగా చెప్పలేదు. ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నవాడు ఒకడు, పని మీద పిలిపించాడు. కారు పంపాడు. ఆ కారులో అగరొత్తుల వాసన, ముందు సీట్లో ఎవరో ఉన్నారు, ఫోన్లో మాట్లాడుతున్నారు. ఫ్లాట్ తలుపు రంగు చెప్పింది. మళ్ళీ కారు దగ్గరకు వచ్చింది. టైము అడిగితే తెలియదంది. దెబ్బతిన్న మనసు జ్ఞాపకాలను అలాగే ఇస్తుందని, ఒక వాసన, ఒక రంగు స్పష్టంగా నిలిచి వాటి మధ్య ఏం జరిగిందో మసకబారుతుందని నాకు అప్పటికి తెలియదు. ఆమె సగంలో ఉండగానే లేచాను. "ఇంక చెప్పకమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. అది ఓదార్పు అనుకున్నాను. వినలేకపోయానంతే.

ఆమె నన్ను అడిగింది రెండే. హాస్టల్ మారాలి, నాన్నకు తెలియకూడదు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదంది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా ఓ సంచిలో పెట్టి దాచానని కూడా చెప్పింది. ఎవరూ చెప్పకుండానే అంత ఆలోచన చేసిన పిల్ల ఆమె. ఆ తెలివిని నేను గమనించనేలేదు. నా దృష్టంతా ఆ కారు నడిపినవాడి మీదికి పోయింది. పెద్దమనిషికి డబ్బుంది, మనుషులున్నారు. డ్రైవరైతే దొరుకుతాడు. వాణ్ణి పట్టుకుంటే అంతా కక్కుతాడు. ఇలాంటి లెక్కలు సినిమాలు చూసిన ప్రతివాడికీ వచ్చు.

ఆ ఆఫీసాయన కారు రోజూ నడిపే మనిషి ఎవరో రెండు ఫోన్లలో కనుక్కున్నాను. ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని రాత్రిపూట ఓ సందులో ఆపి కొట్టాను. అతను "ఏ అమ్మాయి సార్, ఎప్పుడు సార్" అంటూనే ఉన్నాడు. అబద్ధమని ఇంకా కొట్టాను. అతను ఆ వారమంతా నల్లగొండ దగ్గర తన ఊళ్ళో ఉన్నాడు, తల్లి దినాలకు. ఆ రోజు కారు నడిపింది ఇంకెవరో. చెల్లెలు అతని పేరు చెప్పలేదు, ముఖం చెప్పలేదు, డ్రైవర్ మీద అనుమానం ఉందని కూడా అనలేదు. అగరొత్తుల వాసన, ముందు సీట్లో ఎవరో అని మాత్రమే అంది. మిగతాదంతా నేను కల్పించుకున్నాను.

ఇక్కడ ఆ సీరియల్‌లోని ఒక ఘట్టం చెప్పాలి. దాన్ని చూసి కూడా నేర్చుకోనందుకే నాకు ఎక్కువ బాధ. లూమెన్ మొదట్లో ఒక మనిషిని తనను హింసించినవాళ్ళలో ఒకడిగా అనుకుంటుంది. లైంగిక నేరాల్లో శిక్షపడ్డవాడు, అలాంటివాళ్ళతో కలిసి వంతెన కింద బతుకుతుంటాడు. తుపాకీ తీసుకుని బయల్దేరుతుంది. అతని కాలికి ఎక్కడున్నాడో ఎప్పటికప్పుడు చూపించే పరికరం తగిలించి ఉందని డెక్స్టర్ కనిపెడతాడు. లూమెన్ బందీగా ఉన్న రోజుల్లో అతను అక్కడికి వచ్చే వీలే లేదు. పరుగున వెళ్ళి ఆపుతాడు. చంపడమే అలవాటైన ఆ కల్పిత పాత్ర కూడా ముందు సరిచూసుకుంటాడు, తప్పు మనిషి మీద చెయ్యి పడకూడదన్నది అతనికి నేర్పిన కట్టుబాట్లలో ఒకటి. నేను అదీ చేయలేదు.

డ్రైవర్ మర్నాడే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాడు. వెళ్ళడం న్యాయం. మమ్మల్ని పిలిపించారు. ఎస్సై అడిగాడు, "ఎందుకు కొట్టావు బాబూ, ఏం పగ నీకు?" కారణం చెప్పకపోతే రౌడీనైపోతాను. ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది, వకీలు వచ్చాక చెబుతానంటే సరిపోయేది. హాల్లో అందరి ముందూ చెల్లెలి పేరు చెప్పేశాను. డ్రైవర్‌తో వచ్చిన స్టాండు కుర్రాళ్ళు విన్నారు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు విన్నారు. ఆమెను సాక్ష్యం చెప్పడానికి తీసుకురమ్మని చిన్నాన్నకు ఫోన్ వెళ్ళింది. నాన్నకు తెలియకూడదు అన్న మాట అలా పోయింది. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని మన చట్టం ఎప్పుడో చెప్పింది. పాత శిక్షాస్మృతిలో 228ఎ, ఇప్పటి న్యాయ సంహితలో 72వ సెక్షన్. పత్రికలవాళ్ళకే ఆ నిబంధన అనుకునేవాణ్ణి. పేరు దాచుకోవడమో చెప్పుకోవడమో ఆమె ఇష్టమన్న సంగతి ఆ సెక్షన్ వెనక ఉందని తర్వాత అర్థమైంది.

చిన్నాన్న వచ్చి ఆమెను సామాన్లతో సహా ఊరికి తీసుకెళ్ళాడు. సంచిలోని బట్టలు పిన్ని కంటబడ్డాయి. ఇంట్లో ఉండకూడదని పెరట్లో తగలబెట్టింది. పిన్నిని నేను తప్పుపట్టను. ఆ సంచీ ఎందుకు దాచారో ఆమెకు చెప్పేంత వ్యవధి ఎవరికీ లేకుండా చేసింది నేను.

చెల్లెలు తర్వాత కేసు పెట్టింది. తనే ఒక మహిళా న్యాయవాదిని వెతుక్కుంది, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇచ్చింది. నన్ను రమ్మనలేదు. అవతలి వకీలు మొదట పట్టుకున్నది నన్నే. ఈ వ్యవహారంలో కాగితం మీదికెక్కిన మొదటి మాట ఆమె ఫిర్యాదు కాదు, డ్రైవర్‌ని కొట్టిన కేసు. అందులో నేను డ్రైవర్ మీద నింద వేశాను. ఆమె వాంగ్మూలంలో ఆ డ్రైవర్ ఊసే లేదు. కుటుంబం మొదట ఒకణ్ణి అంది, తర్వాత ఇంకొకణ్ణి అంటోంది, ఇది కల్పితం అని వాదించాడు. ఆమె నిజం చెప్పింది కాబట్టే నా అబద్ధంతో ఆమె మాట కలవలేదు. కేసు నిలవలేదు. నా దాడి ఒక్కటే కారణమని అనను, ఇలాంటి కేసులు వీగిపోవడానికి మన దగ్గర చాలా దారులున్నాయి. కానీ తీర్పులో ఆ ప్రస్తావన ఉంది.

ఆ రోజుల్లో నాకు జుడిత్ హెర్మన్ రాసిన 'ట్రామా అండ్ రికవరీ' దొరికింది. 1992లో వచ్చిన పుస్తకం, అమెరికన్ మనోవైద్యురాలు రాసింది. బాధితులకు పగ ఊహలు రావడం సహజమంటుంది ఆమె. అయితే అవి జరిగిన ఘోరానికే అద్దంలో నీడలాంటివనీ, వాటిలో తిరిగేకొద్దీ భయం పెరుగుతుందే గానీ తగ్గదనీ వివరిస్తుంది. కోలుకోవడంలో మొదటి మెట్టు భద్రత. ఆ మనిషి నుంచి లాక్కోబడింది తన ఒంటి మీద, తన బతుకు మీద తన అధికారం. అది తిరిగి ఆమె చేతికి రావాలి. ఆమెనడగకుండా ఆమె తరఫున ఎవరు ఏం నిర్ణయించినా, ఎంత ప్రేమతో చేసినా, అది మళ్ళీ లాక్కోవడమే. చదువుతున్నంతసేపూ ఆమెకు అన్యాయం చేసినవాణ్ణే నేనూ ఒక రకంగా అనుసరించానన్న ఊహ నన్ను వదల్లేదు. వాడు ఆమె ఇష్టం అడగలేదు. నేనూ అడగలేదు.

తన గాయం కోసం ఇంకొకరిని కాపాడబోవడం డెక్స్టర్ కథలో కూడా ఉంది. అంతకు ముందు సీజన్ చివర్లో అతని భార్య రీటా హత్యకు గురవుతుంది. ఆమెను కాపాడలేకపోయానన్న బరువుతో ఉన్నప్పుడే లూమెన్ కనిపిస్తుంది. ఈమెకు సాయం చేస్తే ఆ రుణం కొంత తీరుతుందని అతని ఆశ. రచయితలు ఆ మాట నిజాయితీగానే చూపించారు. కాపాడేవాడి గాయం ఎక్కువ మాట్లాడితే కాపాడబడేవాళ్ళ గాయం వినబడదు. చిన్నాన్నకిచ్చిన మాట తప్పానన్న అవమానం నాది. డ్రైవర్ మీద పడ్డ ప్రతి దెబ్బా ఆ అవమానం తీర్చుకోవడానికి వేసిందే.

మనకు ఈ కథ కొత్తదేమీ కాదు. తిక్కన విరాటపర్వం చదివినవాళ్ళకు, 1963లో వచ్చిన 'నర్తనశాల' చూసినవాళ్ళకు కీచకవధ కంఠతా వచ్చు. సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది అర్ధరాత్రి వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపుతుంది. ఎవరి దగ్గరకు వెళ్ళాలో ఆమె ఎంచుకుంది. ధర్మరాజు దగ్గరకు పోలేదు, అర్జునుడి దగ్గరకూ పోలేదు. తన గోడంతా చెప్పుకుంది, భీముడు చివరిదాకా విన్నాడు. నాట్యశాలకు కీచకుణ్ణి రప్పించే పని ఆమె చేసింది. ఇక్కడిదాకా అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత జరిగింది మనం పెద్దగా తలుచుకోం. కీచకుడి శవం కళ్ళబడగానే అతని తమ్ములు, 105 మంది ఉపకీచకులు, సైరంధ్రిని పట్టుకుని శవంతో పాటు కట్టి శ్మశానానికి మోసుకుపోయారు, దాంతోపాటు కాల్చడానికి. భీముడు ఊళ్ళో లేకపోయి ఉంటే ఆ రాత్రి ఆమె కాలిపోయేది. అతను వచ్చి వాళ్ళందరినీ చంపాక కూడా, ఈమె వల్ల మాకు ముప్పు, ఊరొదిలి వెళ్ళిపొమ్మని రాజు రాణి చేత చెప్పించాడు. ఇంకో 13 రోజులు గడువివ్వమని ఆమె వేడుకోవలసి వచ్చింది. చంపినవాడు భీముడు, చితి దాకా వెళ్ళింది ద్రౌపది. మహాకవి ఆ లెక్క దాచలేదు. మనమే కీచకుడు పడగానే లేచి వచ్చేస్తాం.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు మా అపార్ట్‌మెంట్లో స్వీట్లు పంచారు. పోలీసుల మీద పూలు చల్లడం టీవీలో చూశాం. నేను స్వీటు తీసుకోలేదు. దిశ కుటుంబం దుఃఖం చిన్నదని కాదు, ఆ రోజు నేను కొట్టిన మనిషి ముఖం కళ్ళ ముందుకొచ్చింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్ళలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని, 10 మంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలని అది తేల్చింది. ఎవరు ఏం చేశారో కోర్టులో నిరూపణ కావడానికి ముందే ఆ నలుగురూ పోయారు.

డ్రైవర్ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. లోపలికి రమ్మన్నాడు, నీళ్ళిచ్చాడు. "ఒక్క మాట అడిగుంటే చెప్పేటోణ్ణి కద సార్, నేను ఊళ్ళె లేనని" అన్నాడు. కారు తాళం ఆ వారం ఎవరికిచ్చాడో కూడా చెప్పాడు. ఆ పేరు ముందే తెలిస్తే కేసుకు ఎంత పనికొచ్చేదో! నేను కొట్టిన మనిషి దగ్గరే మాకు కావలసిన సాక్ష్యం ఉంది. కోర్టుకు వచ్చి చెప్పమని అడిగే ముఖం నాకు లేకుండా పోయింది.

ఇప్పుడు ఎవరైనా ఇంట్లో ఆడపిల్లకు ఇలా జరిగిందని, వాణ్ణేం చెయ్యాలో చెప్పమని నా దగ్గరకొస్తే, ముందు ఆ అమ్మాయి ఏమంటోందో అడుగుతాను. చాలామంది దగ్గర జవాబుండదు, అడిగి ఉండరు. 181కి ఫోన్ చేయవచ్చని, సఖి కేంద్రాలున్నాయని, ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలని, ఆసుపత్రిలో ప్రథమ చికిత్స ఉచితంగా ఇవ్వాలని చెబుతాను. బట్టలు ప్లాస్టిక్ కవర్లో కాక కాగితం సంచిలో పెట్టమంటాను. వీటిలో ఏది ఎప్పుడు చెయ్యాలో ఆమెనే తేల్చుకోనివ్వమంటాను. కొందరికి కోపమొస్తుంది, పిరికివాణ్ణంటారు. అననిస్తాను.

చెల్లెలు ఈ మధ్యే ఆ ఐదో సీజన్ చూసింది. చంపే ఘట్టాలు ముందుకు జరిపేశానంది. "అతను ఆమె చెప్పేది పూర్తిగా విన్నాడన్నయ్యా, తర్వాత సరిచూశాడు. నువ్వు మధ్యలోనే లేచిపోయావు" అంది. కోపంగా అనలేదు. మిగతా సగం ఆమె తన కౌన్సెలర్‌కు చెప్పుకుంది. అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు, చెప్పమని నేను అడగలేదు.