ఆ రాత్రి సంతకం

మొన్న 2025 మే మొదటి వారంలో ఒక సాయంత్రం, కోరుట్లలో మా ఇంటి ముందు అరుగు మీద ఐదారుగురు కూర్చున్నారు. అందరూ మా ఆయనలాగే ఆర్టీసీ బస్సులు నడిపేవాళ్లు. 7వ తారీఖు నుంచి సమ్మె అని జేఏసీ నోటీసు ఇచ్చింది. చేద్దామా వద్దా అని ఒకటే వాదన. కరెంటు బస్సులొస్తే మన స్టీరింగులు ఎటు పోతాయని ఒకరు, ఆగి చర్చలకు పోదామని ఇంకొకరు. చాయ్ గ్లాసులు అందిస్తుంటే అందరికంటే చిన్నవాడు నన్ను అడిగాడు.

"వదినా, నువ్వైతే ఏమంటవు? చెయ్యాల్నా, వద్దా?"

మా ఆయన తల దించుకుని చాయ్ తాగుతున్నాడు. నేను ఖాళీ ట్రే పట్టుకుని లోపలికొచ్చేశాను. ఆ పిల్లాడికి ఏం తెలుసు, ఈ ప్రశ్న మా ఇంట్లో ఎంత పని చేసిందో.

నేను సిరిసిల్ల పిల్లను. మా బాపు సాంచాలు నడిపేవాడు. సాంచాలు ఆసామివి, నూలు సేటుది, మా బాపువి చేతులు మాత్రమే. గిరాకీ ఉన్నన్నాళ్లు రాత్రీ పగలూ పని. గిరాకీ పడిపోతే "రేపటి సంది రాకురా" అని ఒక్క మాట. ఆ మాటకు కాగితం లేదు, నోటీసు లేదు, అడిగే దిక్కు లేదు. సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యలు పేపర్లలో వచ్చిన రోజుల్లో, బాపు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే మా అమ్మ వాకిట్లోనే నిలబడేది.

అందుకే నా పెళ్లప్పుడు బాపు ఒకటే చూశాడు, పిల్లగాడికి నిలకడైన పని దొరుకుతుందా అని. మా ఆయన అప్పటికి లారీ నడుపుతున్నాడు. తర్వాత ఆర్టీసీలో కాంట్రాక్టు డ్రైవర్‌గా చేరి, కొన్నేళ్లకు పర్మినెంట్ అయ్యాడు. ఆ ఆర్డర్ కాగితాన్ని నేనే లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల మడతల్లో పెట్టాను. బాపు వచ్చినప్పుడు దాన్ని తీసి చూపిస్తే, చదువు రానివాడు, వేలితో తడిమి చూసుకున్నాడు.

మా అత్తమ్మది బీడీల పని. కోరుట్ల, జగిత్యాల దిక్కు ఎన్ని ఇళ్లు బీడీల మీద నిలబడ్డాయో మీలో చాలామందికి తెలుసు. పొద్దున వంటయ్యాక చాట ఒళ్లో పెట్టుకుంటే, తునికాకు కత్తిరించి తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మళ్లీ రాత్రి వంట దాకా. మాట్లాడుతున్నా వేళ్లు ఆగవు. ఆమె దగ్గరా ఒక కాగితం ఉంది, పీఎఫ్ పుస్తకం. బియ్యం డబ్బా వెనక బట్టలో చుట్టి దాస్తుంది.

2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. మరునాడే సద్దుల బతుకమ్మ. మొత్తం 26 డిమాండ్లు, అందులో పెద్దది ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలని. వేతన సవరణ కూడా 2017 నుంచి ఆగి ఉంది. ఆర్టీసీలో నాలుగేళ్లకోసారి జీతాల ఒప్పందం మారాలి. 2015లో ఎనిమిది రోజుల సమ్మె తర్వాత 44 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. అది చూసినవాళ్లం కాబట్టి ఈసారీ వారం పది రోజులే అనుకున్నాం. కానీ 5వ తారీఖు సాయంత్రం ఆరు గంటలలోపు డ్యూటీలో చేరనివాళ్లు తమ ఉద్యోగం తామే పోగొట్టుకున్నట్టని ప్రభుత్వం చెప్పింది. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట మా ఇంట్లో అందరికీ అప్పుడే తెలిసింది. సుమారు 48 వేలమంది. నేను బతుకమ్మ పేర్చుతూ టీవీలో ఆ మాట విని తంగేడు పూలు చేతిలో అట్లే పట్టుకుని కూర్చున్నాను. బీరువాలో లామినేషన్ కాగితం ఉంది. మరి బాపుకు ఆసామి చెప్పిన మాటకూ దీనికీ తేడా ఏమిటి అనిపించింది.

సెప్టెంబర్ జీతం రాలేదు. దసరా అయిపోయింది, దీపావళీ అయిపోయింది. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయిన వార్త వచ్చినప్పటి నుంచి, ఈయన బాత్రూంలో కాసేపు ఎక్కువుంటే నేను తలుపు కొట్టేదాన్ని. అప్పుడు మా అమ్మ వాకిట్లో ఎందుకు నిలబడేదో అర్థమైంది.

నేనూ చాట పట్టాను. పెళ్లైన కొత్తలో నేర్చుకున్న పని, ఈయన పర్మినెంట్ అయ్యాక మానేసింది. అత్తాకోడళ్లం ఎదురెదురుగా కూర్చుని చుట్టేవాళ్లం. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. ఫీజు కోసం ఫోన్ వస్తే, అది ఫోన్ పట్టుకుని డాబా మీదికి పోయి మాట్లాడేది, నాయనకు వినబడకుండా.

నవంబర్ 2న 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామన్నారు. 5వ తారీఖు అర్ధరాత్రిలోపు, ఏ షరతూ పెట్టకుండా చేరితే ఉద్యోగం ఉంటుందన్నారు. ఆ రోజు మధ్యాహ్నం జగిత్యాల నుంచి మా ఆడబిడ్డ ఫోన్. ఆమె భర్తది కూడా ఆర్టీసీ డ్రైవర్ ఉద్యోగమే.

"వదినా, ఈయన పోయి సంతకం పెడ్తడట. అన్నను గూడ పెట్టుమను. పిల్లలు ఉన్నరు మనకు."

రాత్రి అన్నం దగ్గర నేనే మొదలుపెట్టాను. పెట్టెయ్యమన్నాను. నిజం చెబుతున్నాను, పెట్టమనే అన్నాను. ఫీజు, పాలవాడు, సొసైటీ లోను, అన్నీ వరసగా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఇయ్యాల పెడ్తె రేపు పొద్దుగాల బస్సు తీస్త. డిపో గేటు కాడ మనోళ్లు కూసుంటరు. వాళ్ల ముందల్నుంచి తియ్యాలె. తీస్తనా నేను?"

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె చేతిలో బీడీ ఆగలేదు.

"నాకు తెల్వది బిడ్డా. మా బీడీలోళ్లం గూడ పీఎఫ్ కోసం, కూలి పెంచుడు కోసం రోడ్డు మీద కూసున్నం. అప్పుడు రానోళ్లు గూడ ఇయ్యాల పుస్తకం పట్టుకున్నరు. వాళ్లను నేనేం అనలె. వాళ్ల ఇంట్ల ఏమున్నదో నాకేం ఎరుక."

పన్నెండు దాటింది. ఈయన సంతకం పెట్టలేదు. రాష్ట్రం మొత్తంలో పెట్టినవాళ్లు చాలా తక్కువ. వాళ్లలో మా ఆడబిడ్డ భర్త ఒకడు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే జెట్ ఎయిర్‌వేస్ మూతపడింది. నెలల తరబడి జీతాలు రాక, రేపటి నుంచి విమానం ఎక్కుదామా మానుదామా అని పైలట్లు తమ సంఘంలో తర్జనభర్జన పడ్డారు. విమానం నడిపేవాళ్లకు కూడా ఇట్లాంటి బాధలుంటాయా అని అప్పుడు వింతగా చూశాను. ఆరు నెలల తర్వాత అదే ప్రశ్న మా అన్నం పళ్లేల ముందు కూర్చుంది. వాళ్ల అప్పులు పెద్దవి, మావి చిన్నవి కావచ్చు. కానీ 'నేనొక్కణ్ని బయటపడనా, అందరితో ఉండనా' అన్న ప్రశ్నకు చిన్నా పెద్దా ఉండదేమో.

నవంబర్ 14న జేఏసీ విలీనం డిమాండ్ పక్కన పెట్టింది. 25న, 52 రోజుల తర్వాత, సమ్మె విరమించింది. 29న అందరినీ చేరమన్నారు. ఈయన ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుంటే భుజాల దగ్గర వదులైంది. డిసెంబర్ 1న ముఖ్యమంత్రి ఉద్యోగులను పిలిచి మాట్లాడారు. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెంచారు, సమ్మె రోజుల జీతం కూడా ఇస్తామన్నారు. కానీ సంఘాలకు ఎన్నికలు లేవు, వాటి బదులు సంక్షేమ కమిటీలు అన్నారు.

సంతకం పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ అవే అరవై ఏళ్లు. కానీ మా ఇంట్లో లెక్క అంత తొందరగా సమం కాలేదు. బావ ఫోన్ చేస్తే ఈయన ఎత్తలేదు. సంక్రాంతికి ఆడబిడ్డ రాలేదు. ఒకసారి జగిత్యాల బస్టాండులో ఇద్దరి బస్సులూ పక్కపక్క ప్లాట్‌ఫారాల మీద ఆగితే, చెరో వైపు చూశారట. అది చెబుతూ మా ఆడబిడ్డ ఫోన్లో ఏడ్చింది.

అప్పుడు చాలా ఆలస్యంగా అడిగాను, అన్నయ్య ఎందుకు పెట్టాడని. వాళ్ల మామకు డయాలసిస్ మొదలైందట. ఆ సంగతి సమ్మెలో ఉన్న ఏ ఒక్కరికీ ఆయన చెప్పుకోలేదు. చెబితే సాకు అంటారని.

ఆ మాట నేనే ఈయనకు చెప్పాను. ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే జామపండ్లు సంచిలో వేసుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని జగిత్యాల పోయాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. రాత్రి తిరిగొచ్చేటప్పుడు సంచిలో మా ఆడబిడ్డ పెట్టిన మామిడికాయ పచ్చడి ఉంది.

తర్వాత ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపే బిల్లును 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదించింది. 2017 నాటి వేతన సవరణ 2024లో 21 శాతం ఫిట్‌మెంట్‌తో వచ్చింది. ఇప్పుడు కరెంటు బస్సులొచ్చాయి. బస్సూ డ్రైవరూ కంపెనీవాళ్లు, కండక్టర్ మాత్రం ఆర్టీసీ. అందుకే అరుగు మీద మళ్లీ ఆ వాదన.

ఆ సాయంత్రం గ్లాసులు తీసుకోవడానికి మళ్లీ బయటికి పోయాను. ఆ పిల్లాడు ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"చెయ్యమని గానీ వద్దని గానీ నేను చెప్పలేను తమ్ముడూ" అన్నాను. "కానీ ఈ మాట ముందు మీ ఇంట్ల అడుగు. రెండు నెలలకు బియ్యం, ఫీజు లెక్క నీ భార్యతో కూసొని చూసుకో. ఎవరన్న రానంటే, తిట్టే ముందు వాళ్ల ఇంటికి ఒకసారి పోయి రా."

మా ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఏమీ అనలేదు.

ఆ సమ్మె జరగలేదు. చర్చలయ్యాయి, ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు, సమ్మె వాయిదా పడింది. ఆ కబురు మొదట చెప్పింది జగిత్యాల నుంచి బావే. ఈసారి మొదటి రింగుకే ఈయన ఫోన్ ఎత్తాడు.