జానెడు పదును

ఐసెలిన్‌లో వాన పడితే ఎవరూ తలెత్తి చూడరు. న్యూజెర్సీలో ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల సంచులు మోసుకుపోయేవాళ్లకి అదొక విసుగు. నేను అనంతపురం జిల్లావాణ్ణి. అందులో సగం కురిస్తే మాకది మంచి ఏడు. ఇన్నేళ్లయినా వానని విసుక్కోవడం నాకు అలవాటు కాలేదు.

అందుకే జూలైలో అరిజోనా ఎడారికి బయల్దేరుతుంటే, ‘అవి వానల రోజులు, కుక్కతో గుడారంలో ఏం ఉంటారు?’ అని మిత్రులు వారించినా ఆగలేదు. అక్కడివాళ్లు కూడా ఆ వానల్ని మాన్సూన్ అనే అంటారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా లెక్క. టూసాన్‌లో ఏడాది మొత్తానికి 300 మిల్లీమీటర్లు కూడా పడదు. పడేదాంట్లో సగం ఈ మూడున్నర నెలల్లోనే.

మా కుక్క పేరు రాగి. ఫోన్లో దాని రంగు చూసి మా అమ్మ పెట్టిన పేరు. మండువేసవిలో దాన్ని విమానంలో సరుకులతో పంపడానికి మనసొప్పక, సుమారు 2,400 మైళ్లు ఐదు రోజులు కారులోనే వెళ్లాం. అక్కడి సవారో జాతీయ వనంలో కుక్కల్ని చదును చేసిన రెండు చిన్న బాటల్లో తప్ప కాలిదారుల్లోకి రానివ్వరు. దాంతో కాటలీనా కొండల పాదాన ఉన్న స్టేట్ పార్కులో దిగాం. గుడారం మిట్ట మీద వేశాను. పక్కనే పొడి ఇసుకతో వెడల్పాటి వాగు దారి. అక్కడ దాన్ని ‘వాష్’ అంటారు. మాకైతే వంక. కొండ మీద మబ్బు కనిపిస్తే వంకలో కాలు పెట్టకూడదని మా ఊళ్లో నడక వచ్చిన పిల్లలకి కూడా తెలుసు.

మూడో రోజు మధ్యాహ్నం తింటున్న రాగి తింటున్నట్టే ఆగి, ముక్కు దక్షిణానికి ఎత్తింది. ఆకాశంలో ఇంకా ఏమీ లేదు. గంట తర్వాత గాలి తిరిగింది, దుమ్ము లేచింది, దాని వెంట ఒక ఘాటైన వాసన వచ్చింది. అది క్రియసోట్ పొదది. ఆకుల మీది జిగురుకి తేమ తగిలితే ఆ వాసన లేస్తుందట. మన తొలకరి మట్టివాసన వేరు, అది వేరు. కానీ గుండెలో తగిలే చోటు మాత్రం ఒక్కటే. ఆ వెంటనే చినుకులు, కాసేపటికి వంక నిండా ఎర్రటి నీళ్లు. మడతలు మడతలుగా ఉండే సవారో జెముళ్లు ఈ నీళ్లు తాగి, మడతలు విప్పుకొని లావవుతాయి. ఆ నేల మీద ముందునుంచీ ఉన్న ఒధామ్ జనం వాటి పళ్లతో కల్లు పులియబెట్టి, వానని పిలిచే పండగ చేసుకుంటారు.

మా ఊళ్లో వాన పిలుపు కప్పతల్లిది. రోకలికి కప్పని కట్టి ఇంటింటికీ తిరిగేవాళ్లం. ఇక్కడ వాన పిలిస్తే కప్పలే వచ్చాయి. నెలల తరబడి నేలలో పడుకున్నవి వాన చప్పుడుకి లేస్తాయి. గుంట ఎండేలోగా, ఒక్కోసారి పది రోజులు తిరగకముందే వాటి పిల్లలు కప్పలైపోవాలి. వాటితోపాటు అరచేయంత విషపు కప్పలూ వస్తాయి. వాటిని నోట కరిస్తే కుక్కకి ప్రాణాపాయం. చీకటి పడ్డాక రాగి బెల్టు నా చేతికి రెండు చుట్లు చుట్టుకునే ఉంచాను.

చీకటి పడకముందే, వాన వెలిసీ వెలియగానే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడప్పుడు తెల్లారింది. పోయిన వారం చినుకులు రాలి ఆగిపోయాయట, బుడ్డల (వేరుశనగ) విత్తనం ఇంకా మూటల్లోనే ఉందట. ఇక్కడి వాన గురించి చెబితే ఎంతసేపు కురిసిందని అడగలేదు.

“పదును ఎంత దిగింది నాయనా?” అంది.

నాన్న కూడా అంతే. వాన వెలవగానే పారతో చేలోకి పోయి, నేల తవ్వి, తడి ఎందాకా ఉందో చేత్తో కొలిచేవాడు. బెత్తెడు దిగిందా, జానెడు దిగిందా అన్నదే ఆయన లెక్క.

గుడారం ముందు రాగి రెండు కాళ్లతో ఇసుక తవ్వుతోంది. ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాను. అడుగున పొడి తగిలింది. బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చాపి కొలిచాను.

“జానెడు దిగిందమ్మా.”

కాసేపు ఆగి అంది: “అట్లయితే విత్తుకోవచ్చు.”