క్రూర్‌సింగ్ కనుబొమలు, నా ఎర్ర సిరా

పుస్తకంలోని కథను తెర మీదికి తెచ్చేటప్పుడు మార్చవచ్చునా, కూడదా? ఈ ప్రశ్నకు ఒక్క రోజు తేడాలో రెండు విరుద్ధమైన సమాధానాలు చెప్పి పట్టుబడ్డవాణ్ణి నేను. ముప్పై ఏళ్ళు గడిచినా ఆ సంగతి మరపునకు రాలేదు గనుక మీ ముందుంచుతున్నాను.

1994లో దూరదర్శన్‌లో ‘చంద్రకాంత’ ధారావాహిక మొదలైంది. నిర్మాత నీరజా గులేరీ. ఆదివారం ఉదయం ఆ పాట వినబడగానే మా ఊళ్ళో టీవీ ఉన్న ప్రతి ఇంటి గుమ్మమూ చెప్పులతో నిండిపోయేది. పిల్లల్లో చాలామందికి హిందీ ముక్క రాదు. అయినా సోమవారం బడికి వచ్చేసరికి ఒక్కొక్కడూ కనుబొమలు పైకెత్తి “యక్కూ!” అని అరిచేవాడు. క్రూర్‌సింగ్ పాత్రలో అఖిలేంద్ర మిశ్రా చేసిన మాయ అది. నాయకుడు వీరేంద్రసింగ్‌గా నటించిన షాబాజ్ ఖాన్‌ను అనుకరించినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు!

ఉపాధ్యాయుల గదిలో మాత్రం ఆ అరుపు వినగానే ముఖం చిట్లించే మనిషి ఒకరుండేవారు. ఆయన మా హిందీ మాస్టారు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రవీణ పరీక్ష ప్యాసైనవారు. దేవకీనందన్ ఖత్రీ రాసిన మూలగ్రంథాన్ని రెండుసార్లు చదివినవారు. 1888లో వెలువడిన ఆ నవల కోసమే ఎందరో హిందీ చదవడం నేర్చుకున్నారని చెప్పుకుంటారు. ఖత్రీ మహాశయుడు చకియా, నౌగఢ్ అడవుల్లో గుత్తేదారుగా తిరుగుతూ అక్కడి పాడుబడిన కోటలను చూశాడట. ఆ శిథిలాల నుండే విజయగఢ్ రాకుమారి చంద్రకాంత, నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింగ్, చునార్‌గఢ్ రాజు శివదత్తు పుట్టుకొచ్చారు.

“పేర్లు ఖత్రీవి, కథ మాత్రం వీళ్ళది! ఈ విషకన్యలెక్కడివి? ఈ మంత్రాలెక్కడివి?” అని హిందీ మాస్టారు ప్రతి సోమవారమూ వాపోయేవారు. లెక్కల మాస్టారు, డ్రిల్లు మాస్టారు సీరియల్ పక్షం. నేనూ ఆ పక్షమే. పైగా తెలుగు పండితుణ్ణి కదా, నా వాదానికి శాస్త్రబలం తోడయింది. “మాస్టారూ, తిక్కన సోమయాజి అంతటివాడు భగవద్గీతను కొద్ది పద్యాలకు కుదించాడు. మన ‘మాయాబజార్’ సంగతేమిటి? వ్యాసభారతంలో శశిరేఖ అనే పిల్లే లేదు. అంతమాత్రాన ఆ సినిమాను కాదంటామా? కథ గంగవంటిది, ఏ రేవులో ఆ రంగు” అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. హిందీ మాస్టారు ఏమీ అనకుండా కళ్ళజోడు తుడుచుకున్నారు.

మరునాడు అదే గదిలో కూర్చుని తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ‘అభిమన్యుని గూర్చి వ్రాయుము’ అన్నది ఐదు మార్కుల ప్రశ్న. ఒక పిల్లవాడు అర్జునుడనీ, సుభద్ర అనీ, పద్మవ్యూహమనీ చక్కగా రాసుకొచ్చి, మధ్యలో ‘బలరాముని కుమార్తె శశిరేఖను పెండ్లాడెను’ అన్నాడు. ఉత్తర ఊసే లేదు. నాకు ఒళ్ళు మండింది. ఎర్ర సిరాతో పేజీకి అడ్డంగా గీత గీసి సున్నా చుట్టాను. వాణ్ణి పిలిపించి, “భారతం సినిమా హాల్లో చదివావురా?” అని నలుగురిలో గద్దించాను. వాడు తలవంచుకుని వెళ్ళిపోయాడు.

పక్క కుర్చీలోంచి హిందీ మాస్టారు మెల్లగా అన్నారు: “పండితులవారూ, నిన్న గంగ అన్నారు. ఇవాళ రేవుకు గేటు పెట్టారేమిటి?”

నాకు మాట పెగల్లేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే నా రెండు తీర్పులకూ మూలం ఒక్కటేనని తెలిసింది. వ్యాసుని కథ నాకు తెలుసు గనుక అందులో మార్పు కంటగింపయింది. ఖత్రీ కథ తెలియదు గనుక ఏ మార్పయినా ముచ్చటేసింది. నా ఉదారత్వం వెనకనున్నది రసజ్ఞత కాదు, ఎరుగనితనం.

మరునాడు ఆ పిల్లవాడికి సున్నా కొట్టేసి నాలుగు మార్కులు వేశాను. నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి ఒకవైపు వ్యాసభారతం, మరోవైపు 1957 నాటి ‘మాయాబజార్’ అని రాసి, ఏమేం మారాయో, ఎందుకు మారాయో చెప్పమన్నాను. పిల్లలు విజృంభించారు. సినిమా మొత్తంలో పాండవులు కనబడరన్న సంగతి ఒక అమ్మాయి చెప్పేదాకా నాకే తట్టలేదు. నేను చెప్పిన పాఠాల్లో మంచివి ఏరితే అదొకటి. అయితే నేను అవమానించిన ఆ కుర్రాడు మాత్రం ఆ రోజు చెయ్యెత్తలేదు. తరువాత చాలాకాలం ఎత్తలేదు. మార్కులు దిద్దినంత సులువు కాదు అది.

అటుపైన హిందీ మాస్టారి దగ్గర ‘చంద్రకాంత’ అరువడిగాను. తుప్పుపట్టిన నా హిందీతో, మాట మాటకూ ఆయన్ను వేధిస్తూ, వేసవి సెలవులన్నీ వెచ్చించి పూర్తిచేశాను. అప్పుడు తెలిసింది ఆయన బాధ. ఆ నవలకు ప్రాణం ఐయారులు. వేషం మార్చడం, మందులెరగడం, పాడడం, పరుగెత్తడం, వేగు నడపడం, అన్నీ వాళ్ళకు వచ్చు. రాజులకు యుద్ధం వస్తే నెత్తురు చిందకుండా తెలివితో ముగించేవాళ్ళని ఖత్రీ ముందుమాటలోనే వారిని పరిచయం చేస్తాడు. తిలిస్మ్ అనే మాయాకట్టడం కూడా మనుషులు పన్నిన పన్నుగడే. మనిషిని మింగే రాతికొంగను చూసి జడుసుకుంటాం, తీరా అది యంత్రమని తేలుతుంది. అద్భుతం ముందు, దాని కిటుకు తరువాత. ఖత్రీ పాఠకుడికిచ్చిన మాట అది.

మన ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాలిస్తే అది మాయ. అతడు రాక్షసుడు, అతనికది చెల్లు. వీరేంద్రసింగ్ నేస్తం తేజ్‌సింగ్ వేషం మారిస్తే అది విద్య. తేజ్‌సింగ్ లోకంలోకి మంత్రాలు తెచ్చిపెడితే అతని విద్యకు విలువేముంది? సంఘటనలు మారినా కథ బతుకుతుంది. ఆ కథాలోకపు ధర్మం మారితే మిగిలేవి పేర్లే. శశిరేఖను చేర్చినవారు భారతలోకపు ధర్మాన్ని చెరపలేదు. సీరియల్ వారు ఖత్రీ ధర్మాన్ని చెరిపారు. ఈ భేదం తెలియాలంటే రెండూ తెలిసి ఉండాలి.

పుస్తకం తిరిగి ఇస్తుంటే హిందీ మాస్టారు అడిగారు: “ఇప్పుడేమంటారు పండితులవారూ? మార్చవచ్చునా?”

“మార్చవచ్చును మాస్టారూ. కానీ తేజ్‌సింగ్ చేయవలసిన పనిని మంత్రానికి అప్పగించకూడదు.”

“మరి క్రూర్‌సింగ్?”

“ఆ కనుబొమలు మాత్రం ఉండనివ్వండి” అన్నాను. ఆయన నవ్వి, చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకుని, తమ కనుబొమలు రెండూ పైకెత్తి, గొంతు తగ్గించి “యక్కూ” అన్నారు.

ఇప్పటికీ ఏ పుస్తకం తెరకెక్కినా, ఎవరు కోపగించుకున్నా, ఎవరు వెనకేసుకొచ్చినా, నేను తొందరపడి తీర్పు చెప్పను. ముందు పుస్తకం వెతుక్కుంటాను. మీకూ ఇటువంటి తగవులు జరిగి ఉంటే చెప్పండి, వింటాను. ఎర్ర సిరా కలం ఎప్పుడో పక్కన పెట్టేశాను.