వెరోనాలో సంగటి

హాస్టల్లో చేరిన మొదటి వారం ఎవరో అడిగారు, "మీ నాన్న ఏం చేస్తారు?" అని. "బిజినెస్" అన్నాను. అబద్ధం కాదు, కానీ పూర్తి నిజం కూడా కాదు. సోమందేపల్లెలో నేషనల్ హైవే 44 పక్కన ఆరు బెంచీలున్న హోటల్ మాది. పొద్దున ఇడ్లీ, ఉగ్గాని బజ్జీ. మధ్యాహ్నం రాగిసంగటి, పప్పు, చెనక్కాయల ఊరిబిండి. ఆదివారమైతే నాటుకోడి పులుసు. బోర్డు మీద రంగు సగం పోయింది. మ్యాప్స్‌లో వెతికితే దొరకదు. రెండేళ్లుగా "బిజినెస్" అనే ఒక్క మాటతోనే నెట్టుకొచ్చాను.

ఇటలీలో ఎక్కడ తినాలో రాస్తానని చెప్పి ఇది ఎందుకు మొదలుపెట్టానంటే, అక్కడ ఎక్కడ తినాలో నాకు నేర్పింది ఆ హోటలే కాబట్టి.

సెకండియర్ పరీక్షలవగానే మేం ముగ్గురం మ్యూనిక్ వెళ్లాం. అక్కకి అక్కడే ఉద్యోగం. పాప పుట్టింది. అమ్మకి చేతినిండా పని. నాన్నకి మాత్రం ఏమీ తోచదు. రోజుకి మూడుసార్లు అక్క స్టవ్ తుడిచేవాడు. ఊళ్లో హోటల్ చూసుకుంటున్న చిన్నాన్నకి ఫోన్ చేసి "సంగటి మిగిలిందా?" అని అడిగేవాడు. చివరికి అక్కే "వీణ్ణి తీసుకుని నాలుగు రోజులు ఎటైనా పోయిరా నాన్నా" అని టికెట్లు బుక్ చేసింది. ఎటు అంటే, నేను ఇటలీ అన్నాను. నాకు తెలిసిన ఇటలీ పిజ్జా ఒక్కటే.

కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను కదా, ఒక షీట్ తయారుచేశాను. రేటింగ్ నాలుగున్నర పైన, రివ్యూలు వెయ్యి పైన, నడిచి పోగలిగినంత దూరం. సార్ట్ చేస్తే పైన ఏది వస్తే అందులో తినడమే. నాన్న తన బ్యాగులో పప్పులపొడి డబ్బా పెట్టుకున్నాడు. "హోటళ్లలో మాత్రం అది బయటికి తీయొద్దు నాన్నా" అన్నాను. సరేనన్నాడు.

మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్, బ్రెన్నర్ కనుమ మీదుగా ఆల్ప్స్ దాటి వెరోనా దాకా ఒకటే రైలు. అక్కడ మారితే గంటకి పైన కాస్త, వెనిస్. వెనిస్‌లో గదుల రేట్లు ఎక్కువని, వంతెనకి ఇవతల మెస్త్రేలో దిగాం.

మొదటి మధ్యాహ్నం నా షీట్లో అన్నిటికంటే పైనున్న చోటికి వెళ్లాం. పేరు రాయను. గుమ్మం ముందు ఒకాయన నిలబడి, పోయే వాళ్లందర్నీ నాలుగైదు భాషల్లో పిలుస్తున్నాడు. మెనూ ఎనిమిది పేజీలు, ప్రతిదానికీ ఫోటో. నాన్న అక్కడే ఆగాడు. "మనం వద్దులేరా" అన్నాడు. "వేలమంది బాగుందన్నారు నాన్నా" అన్నాను.

నాన్నకి చేప చెప్పాను. మెనూలో ఎనిమిది యూరోలని ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో 'ఎత్తో' అనే మాట ఉంది, పట్టించుకోలేదు. ఎత్తో అంటే నూరు గ్రాములని బిల్లు వచ్చాక తెలిసింది. చేప ఆరువందల గ్రాములు తూగింది, అంటే నలభై ఎనిమిది యూరోలు. నా పాస్తా పదహారు. నీళ్లు ఐదు. కూర్చున్నందుకు మనిషికి మూడు చొప్పున ఆరు. దీన్ని 'కొపెర్తో' అంటారు, ఇటలీలో చాలాచోట్ల మామూలే. మొత్తం డెబ్బై ఐదు. మన డబ్బుల్లో దాదాపు ఏడు వేలు. మా హోటల్లో అది నూరు ప్లేట్ల సంగటి.

నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. నాన్న బిల్లు తీసుకుని ఒక్కో లైను చదివించుకున్నాడు. ఒక హోటలోడు ఇంకో హోటలోడి లెక్క చూసినట్టే చూశాడు. "ఆయప్ప తప్పు రాయలేదు. మనం చదువుకోలేదు, అంతే" అన్నాడు. కాసేపాగి, "నేనైతే ముందే చెప్తా" అన్నాడు.

చెప్తాడు, నాకు తెలుసు. కియా వాళ్లు మా పక్కనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, 2018లో అనుకుంటా, ఇద్దరు కొరియా వాళ్లు మా హోటల్‌కి వచ్చారు. నేను ఏడో తరగతి. వాళ్ల మాట మాకు రాదు, మా మాట వాళ్లకి రాదు. నాన్న ఒక్కో గిన్నె మూత తీసి చూపించి, దాని ధర వేళ్లతో చూపించి, వాళ్లు తల ఊపాకే వడ్డించాడు. వాళ్లకి కారం తక్కువ ఉండాలని పప్పులో నెయ్యి ఎక్కువ వేశాడు. నెయ్యికి వేరే లెక్క కట్టలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఆకలేసింది. కానీ మేం పోయిన వీధిలో ఒక్క వంటగది కూడా తెరిచి లేదు. ఇటలీలో చాలా హోటళ్లు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మూసేసి, మళ్లీ ఏడు దాటాకే తీస్తాయి. కాఫీ తాగుదామని ఒక బార్‌లోకి వెళ్తే, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో రేటు. నాన్న నిలబడే తాగాడు. అప్పుడడిగాను, "ఆ హోటల్ వద్దని నీకెట్లా తెలిసింది?"

"వాకిట్లో మనిషిని పెట్టి పిలిపించుకుంటాండారంటే, తిన్నోడు మళ్లీ రాడని వాళ్లకి తెలుసన్నమాట. మన రోడ్డు మీద లారీలు ఆగిన చోట తినమంటారు చూడు, ఏంటికి? డ్రైవర్లకేమన్నా నాలుక వేరే ఉంటాదా? వాళ్లు వచ్చే వారం కూడా ఇదే దోవన పోతారు. ఇయ్యాల చెడ్డ కూడు పెడితే వచ్చే వారం ఆ లారీ పక్క హోటల్ కాడ ఆగుతాది. మళ్లీ వస్తాడనుకుని వండే వంట వేరే, రాడనుకుని వండే వంట వేరే."

గేమ్ థియరీలో ఒక్కసారే ఆడే ఆటకీ, మళ్లీ మళ్లీ ఆడే ఆటకీ తేడా చెప్తారు. పరీక్షలో నాకు దానికి మంచి మార్కులే వచ్చాయి. నా షీట్లో ఉన్న వేల రివ్యూలన్నీ ఒక్కసారి తిని విమానమెక్కిపోయిన వాళ్లవి కావచ్చని మాత్రం తట్టలేదు. వాళ్లు వచ్చింది వెనిస్ చూడటానికి. ఆ సంతోషంలోనే స్టార్లు కూడా వేసి ఉంటారు.

తిరుగు ప్రయాణంలో ఒక రోజు వెరోనాలో ఆగాం. షీట్ తెరవలేదు. "ఈరోజు నువ్వే చూడు నాన్నా" అన్నాను.

రోమన్ల కాలం నాటి అరీనా చుట్టూ ఉన్న హోటళ్లన్నీ వదిలేసి నాన్న నడుస్తూనే ఉన్నాడు. అదిజె నది వంతెన దాటి వెరోనెత్తా అనే పేటలోకి వచ్చాం. యూనివర్సిటీ ఉన్నది అక్కడే. పన్నెండున్నరయింది. బట్టల మీద సున్నం, రంగు మరకలున్న నలుగురు పనివాళ్లు ఒక చిన్న తలుపు తోసుకుని లోపలికి పోయారు. నాన్న కిటికీలోంచి చూశాడు. చేత్తో రాసిన మెనూ, మొత్తం ఆరే వంటకాలు. పనివాళ్ల మధ్యాహ్న భోజనం నీళ్లతో, కాఫీతో కలిపి ఒకటే ధర, తలుపు మీదే రాసి ఉంది. "పద" అన్నాడు.

మెనూని ఫోన్ కెమెరాతో చదివాను. ఒక దగ్గర 'గుర్రం' అని వచ్చింది. ఫోన్ తప్పు చదివిందనుకున్నాను. కాదు, గుర్రపు మాంసం కూర వెరోనా పాత వంటకమే. నాన్న నవ్వి "గుర్రమెక్కేకి పనికొస్తాది, తినేకి వద్దులే" అన్నాడు. దాని కింద 'పొలెంతా, పుట్టగొడుగులు' అని ఉంది. అది చెప్పాం.

పళ్లెంలో పచ్చటి ముద్ద వచ్చింది, పైన పుట్టగొడుగుల కూర. నాన్న ఫోర్కుతో కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. ఇంకొంచెం తిన్నాడు.

"రేయ్, ఇది సంగటి రా."

నిజంగా సంగటే. మరిగే నీళ్లలో పిండి పోసి, ఉండకట్టకుండా కట్టెతో కెలికి కెలికి ఉడికించేది. రాగికి బదులు మొక్కజొన్న, అంతే. తర్వాత రైల్లో చదివాను. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి రాకముందు ఇటలీలో పొలెంతాని చిరుధాన్యాలతో కూడా చేసేవాళ్లట. ఉత్తరాన పేదవాళ్లకి ఏళ్ల తరబడి అదే కూడు. ఒట్టి మొక్కజొన్నే తిని పెల్లాగ్రా జబ్బుతో ఎంతోమంది పోయారు. మా నానమ్మ చిన్నప్పుడు కూడా వరన్నం పండక్కే, మిగతా రోజులన్నీ సంగటే. వానల్లేని నేలమీద పండేది తినాలి కదా. మా జిల్లా బతుకంతా చెనక్కాయ మీద నడిచింది, అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

నాన్న ఫోర్కు పక్కన పెట్టాడు. నావైపు చూసి, "డబ్బా తీయమంటావా?" అని అడిగాడు.

ఆ అడగడం నాకు ఇంకా గుర్తొస్తూనే ఉంది. పాతికేళ్లుగా ఊరందరికీ కూడు పెట్టిన మనిషి, తన పళ్లెంలో పొడి వేసుకోవడానికి నన్ను అడిగాడు.

"తియ్యి నాన్నా" అన్నాను.

పప్పులపొడి చల్లి, చేత్తో ముద్ద చేసి మింగాడు. అలవాటు కొద్దీ నేను అటూ ఇటూ చూశాను. ఎవరూ చూడటం లేదు. పక్క బల్ల మీద రంగులు వేసే ఆయన రొట్టెముక్కతో పళ్లెంలో మిగిలిన పులుసంతా తుడిచి తింటున్నాడు. నేనూ చేత్తోనే తిన్నాను.

వెళ్లేముందు నాన్న వంటగది తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల అరవై దాటిన ఆమె ఒకరు ఉన్నారు. నాన్న రెండు చేతులతో కట్టె పట్టుకుని కెలికినట్టు చూపించాడు. ఆమె నవ్వి, నొప్పి అన్నట్టు తన కుడి భుజం పట్టుకుని చూపించింది. నాన్న కూడా తన భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె నావైపు తిరిగి ఏదో అడిగింది. నాకు అందులో 'రిస్తొరాంతె' అనే మాట ఒక్కటే అర్థమయింది.

"సి. పపా, రిస్తొరాంతె" అన్నాను. అవును, మా నాన్నకి హోటలుంది. ఆ మాట బయటి వాళ్లకి చెప్పడం అదే మొదటిసారి. అదీ నాకు రాని భాషలో.

వంతెన మీదికి వచ్చాక నాన్న అడిగాడు. "ఆయమ్మకి ఏం చెప్పినావు?"

"నీకు హోటలుందని."

కాసేపు నదిని చూస్తూ నడిచాడు. "ఆరు బెంచీలని చెప్పినావా?"

అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నా.