మామగారి మందు గొట్టం



ఆయుధ పూజ రోజు మన గ్రూపులో ఒక పిల్లవాడు ఫోటో పెట్టినాడు. వాళ్ళ తాత నాటు తుపాకి, పక్కన క్యాపుల డబ్బా, కుంకుమ, బంతిపూలు. కింద ఇలా రాసినాడు: "తాత పోయి రెండేళ్ళయింది. మందు కొలిచే గొట్టం కనపడటం లేదు. కొత్తది ఎక్కడ దొరుకుతుంది? ఎంత మందు పోయాలి? పెద్దవాళ్ళు చెప్పండి."

పెద్దవాళ్ళు చెప్పినారు. ఒకరు చారెడు అన్నారు. ఒకరు గజం లోపల పెడితే నాలుగు వేళ్ళు పైకి రావాలన్నారు. ఇంకొకరు దీపావళి టపాకాయలు విప్పితే మందు ఊరికే వస్తుందని రాసి నవ్వు బొమ్మ పెట్టినారు. ఆ నవ్వు బొమ్మ చూసి మా ఇంటావిడ ఫోను పక్కన పెట్టేసింది. ఆ రాత్రి ఇద్దరమూ సరిగ్గా నిద్రపోలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది. ఓపికగా చదవండి.

మేము కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. పుట్టి పెరిగింది అరక్కోణం రైల్వే కాలనీలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు పెళ్ళయిన తర్వాత ఇంటావిడ దగ్గర నేర్చుకున్నవి కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించాలి. 1984లో పార్సిల్ గుమాస్తాగా చేరి, 2020లో రిటైరై, ఇంటావిడ పుట్టిన తాలూకా అని పావగడ వచ్చి స్థిరపడినాము. 36 ఏళ్ళు మేము చేసిన పని ఒక్కటే. కాటా మీద పెట్టడం, చూడటం, రాయడం.

మా మామగారిది నిడగల్లు పక్క శనక్కాయ చేను. కాయ ముదిరే వేళకు కొండ మీది నుంచి అడివి పందులు దిగితే ఒక్క రాత్రిలో అర ఎకరం తవ్వి పోస్తాయి. పంట కాపలాకని ఆయనకు ఒంటి గొట్టం నాటు తుపాకి లైసెన్సు ఉండేది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలా కోసం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని పేరు పెట్టి రాసి ఉంది. మామగారికి సెక్షన్లు తెలియవు. కానీ లైసెన్సు పుస్తకాన్ని భూమి కాయితాల పెట్టెలోనే దాచేవారు.

కొత్తల్లుడిగా మేము ఆ తుపాకి గురించి అడగబోయి నవ్వులపాలైనాము. తుపాకి మందును తమిళంలో కరుమరుందు అని చదువుకున్నాము. దాన్ని అలాగే తెలుగు చేసి, "నల్లమందు ఎక్కడ పెడతారు మామా?" అన్నాము. ఇంట్లో అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దం. నల్లమందు అంటే తెలుగులో అభిని అని అప్పుడు తెలిసింది. అల్లుడికి ఈ అలవాటు కూడా ఉందా అని మా అత్తగారు భయపడినారంట!

ఆ తుపాకికి ఒక వెదురు గొట్టం ఉండేది. చిటికెన వేలంత. అడుగున కణుపు, మూతి చుట్టూ సన్నని ఇత్తడి పట్టీ. మామగారి నాయన చేసినది. తోలు తాడుతో మందు బుర్రకు కట్టి ఉండేది. ఆ తుపాకికి ఆ గొట్టమే. పక్క చేను వాళ్ళ తుపాకికి వాళ్ళ గొట్టం. అడిగినా మార్చుకునేవారు కాదు.

దట్టించేటప్పుడు మామగారు మాట్లాడరు. సొరకాయ బుర్రలోని మందును గొట్టంలోకి వంచుతారు. అంచు దాకా నింపి, వేలితో ఒకసారి తట్టి, పైన గీచి సమం చేస్తారు. బుర్రకు బిరడా పెట్టి దూరంగా పెడతారు. అప్పుడే గొట్టంలోది తుపాకిలో పోస్తారు. ఆ మీద కొబ్బరి పీచు, గజంతో దట్టించడం. క్యాపు అన్నిటికంటే ఆఖరున, తుపాకి చేను వైపు తిప్పిన తర్వాత. చాలాసార్లు గుండు కూడా ఉండదు. పందికి మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు అనేవారు.

బుర్ర నుంచి నేరుగా తుపాకిలో పోస్తే పని తొందరగా అయిపోతుంది కదా అని అడిగినాము. "ముందు పేల్చినప్పటి నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే, గొట్టంలోది మాత్రమే అంటుకుంటుంది. నేరుగా పోస్తే బుర్ర బుర్రంతా చేతిలోనే అంటుకుంటుంది" అన్నారు.

ఈ గొట్టం ఎన్ని గ్రాములు పడుతుంది అని ఇంకోసారి అడిగినాము. గుమాస్తా బుద్ధి. ఆయన నవ్వి, "అల్లుడూ, నువ్వు కాటా మనిషివి. పోయి మీ అత్తను, ఈ పొద్దు బియ్యం ఎన్ని గ్రాములు పోసిందో అడుగు" అన్నారు. మాకు వెంటనే అర్థమైంది. అరక్కోణంలో మా అమ్మ ఆళాక్కుతో కొలిచేది, ఇక్కడ అత్తగారు పావుతో కొలిచేది. ఇద్దరూ ఎప్పుడూ తూచలేదు. అన్నం ఎప్పుడూ చెడలేదు. తుపాకి మందుకు కూడా అంతే. తూకం కాదు, కొలత. అదే పాత్ర, అదే నింపడం, అదే గీచడం. ప్రతిసారీ.

మామగారు 2009లో పోయినారు. తుపాకిని పోలీసు స్టేషన్‌లో అప్పగించి, దరఖాస్తు పెట్టి, చాలా తిరిగి మా బావమరిది తన పేరున లైసెన్సు తెచ్చుకున్నాడు. అంతా కాయితం ప్రకారమే. కానీ కాయితంలో గొట్టం లేదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు తోలు తాడు తెగి, గొట్టం ఎక్కడ పోయిందో ఎవరూ చూడలేదు. బావమరిది దాని బదులు దగ్గుమందు సీసా మూత పెట్టుకున్నాడు. మేము పండగకు వచ్చినప్పుడు చూసినాము. ఇదేమప్పా అంటే, "కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుంది బావా" అన్నాడు.

మేము నవ్వి ఊరుకున్నాము.

రెండు కిలోలు తేడా వస్తే పార్సిల్ పక్కన పెట్టించినవాళ్ళం. రంగు పొడి అని రాసిచ్చిన మూటను, తూకానికీ సైజుకూ పొంతన లేదని విప్పించి, లోపల టపాకాయలు పట్టినవాళ్ళం. ఆ రోజు మా ఇంటి మనిషి చేతిలో సీసా మూత చూసి నవ్వి ఊరుకున్నాము. ఇది పదేళ్ళకు పైగా మా గుండెల్లో ఉన్న మాట.

2014 అక్టోబరు, దీపావళి అయిన వారం. కాయ పీకడానికి ఇంకా కొన్ని రోజులుంది. ఒక రాత్రి తుపాకి దట్టించి కూర్చున్నాడు, పందులు రాలేదు. అలాగే గుడిసెలో ఆనించి ఇంటికి వచ్చేసినాడు. మరుసటి రాత్రి అది దట్టించి ఉందన్న సంగతి మరిచిపోయి ఇంకో మూత పోసినాడు. మందు తక్కువైతే పిల్లలు మిగిల్చిన టపాకాయలు విప్పి కలిపినాడు. పేల్చేసరికి గొట్టం కుందా దగ్గర చీలిపోయింది. ఎడమ చేతి రెండు వేళ్ళు పోయినాయి. కుడి కంటి చూపు పోయింది. బెంగుళూరు 150 కిలోమీటర్లకు పైనే. దారంతా తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని మా ఇంటావిడ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వస్తాము. నాయనా, నువ్వు కొలత గురించి అడిగినావు. అది మంచి ప్రశ్న. ఎంత పోయాలో మాత్రం మేము చెప్పము. మా మామగారి గొట్టం ఎంత పట్టేదో కూడా ఇక్కడ రాయము. ఒక తుపాకి కొలత ఇంకో తుపాకికి పనికిరాదు. గొట్టం లావు, లోహం, వయసు, లోపలి తుప్పు, అన్నీ లెక్కే. లైసెన్సున్న తుపాకి పనివాడు విప్పి చూసి చెప్పాలి.

కొలత పరికరం విషయం చెబుతాము. బయటి దేశాల్లో ఇత్తడితో చేసిన గొట్టాలు వాడతారు, లోపల జరిగే పుల్ల మీద గీతలుంటాయి. ఇత్తడి ఎందుకంటే రాచుకున్నా నిప్పురవ్వ రాదు. ఇనుప చెంచా, ఇనుప డబ్బా వద్దు. ఆ గీతల మీది అంకెలు గ్రాములు కావు, గ్రెయిన్లు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. మన పాత తులానికి 180. 60 అని గీత ఉంటే అది 4 గ్రాములకు కూడా కాస్త తక్కువ. గ్రెయిన్‌ను గ్రాము అని చదివినవాడు పదిహేను రెట్లు పోస్తాడు. ఆ గీతలు కూడా తుపాకి మందు ఒక్కదానికే. అదే గొట్టంలో వేరే పొడి పోస్తే ఆ అంకెకు అర్థం లేదు.

మందు కూడా ఒకటే రకం కాదు. పలుకు సన్నగా ఉంటే తొందరగా మండుతుంది, లావుగా ఉంటే నిదానంగా. పాత కొలతలోనే సన్న మందు పోస్తే గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. తూటాల్లోని పొగరాని మందు నాటు తుపాకిలో చెంచాడైనా వెయ్యకూడదు. టపాకాయల మందు సంగతి మా ఇంటికి వచ్చి మా బావమరిదిని అడగండి.

గజం మీద రెండు గీతలు పెట్టుకోవాలి. ఖాళీ తుపాకిలో ఎంత దిగుతుందో ఒకటి, దట్టించినప్పుడు ఎంత దిగుతుందో ఒకటి. చేతికి తీసుకున్న ప్రతిసారీ, క్యాపు లేదని చూసి, మూతికి మొహం అడ్డం పెట్టకుండా గజం దించి గీత చూడాలి. మా ఇంట్లో ఆ రెండు గీతలు ఉండి ఉంటే రెండు వేళ్ళు మిగిలేవి.

పేల్చిన రోజే వేడినీళ్ళతో కడగాలి. ఆ మసి గాలిలోని తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. మామగారు కడిగి, ఎండబెట్టి, కొబ్బరినూనె గుడ్డ తోసేవారు.

ఇక చట్టం. లైసెన్సుదారు పోతే తుపాకి తనంతట తాను వారసుడిది కాదు. స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి దరఖాస్తు పెట్టుకోవాలి. తాత పోయి రెండేళ్ళయింది, తుపాకి ఇంట్లో ఉంది, ఫోటో గ్రూపులో ఉంది. నాయనా, ముందు ఆ పని చూడు. మందు, క్యాపులు కూడా లైసెన్సు మీదే కొనాలి. రైల్లో తెప్పించుకోవద్దు. 1989 రైల్వే చట్టంలో దానికి మూడేళ్ళ దాకా జైలు ఉంది. మనకు మూడు పక్కలా ఆంధ్ర. పంది గట్టు దాటితే తుపాకి కూడా దాటవచ్చా అంటే, లైసెన్సులో ఏ ప్రాంతం రాసి ఉందో అంతవరకే. ఇంకొకటి, పంట కాపలా లైసెన్సు అంటే వేట లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణుల చట్టం అలాగే ఉంది. పంది, నెమలి, కృష్ణజింక, దేన్నీ మన ఇష్టానికి కొట్టకూడదు.

కొడగు వాళ్ళు కైల్ పొళ్దు పండగకు తుపాకులకు పూజ చేస్తారు. వాళ్ళకు బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. మనకు లేదు. మన ఆయుధ పూజకు కొడవలీ మడకా చాలు, తప్పేమీ లేదు.

మా ఇంట్లో మిగిలిన తుపాకి ముక్కలూ లైసెన్సూ అప్పుడే అప్పగించేసినాము. ఇప్పుడు చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రి డబ్బా కొడతాము. కొన్ని కాయలు పందులు తింటాయి. తిననీ.

2021లో పాత విత్తనాల బాన కడుగుతుంటే అడుగున ఆ వెదురు గొట్టం దొరికింది. ఇంటావిడ తుడిచి తమ్ముడి చేతిలో పెట్టింది. మిగిలిన మూడు వేళ్ళతో పట్టుకుని, ఒంటి కంటితో చాలాసేపు చూసినాడు. "ఇంత చిన్నదా బావా" అన్నాడు.

సభ్యులకు ఒక్క మనవి. ఇళ్ళల్లో పాత తుపాకులున్నవాళ్ళు వచ్చే నెల సమావేశానికి లైసెన్సు పుస్తకం తీసుకురండి, తుపాకి కాదు. రెన్యువలుకైనా, అప్పగించడానికైనా దరఖాస్తు మేమే కూర్చుని రాసిపెడతాము. ఆ పని మాకు వచ్చు. ఆ పిల్లవాడు మాత్రం నెల దాకా ఆగవద్దు, రేపే మా ఇంటికి రావాలి. నవ్వు బొమ్మ పెట్టిన అన్నగారు కూడా రావాలి. ఇంటావిడ కాఫీ ఇస్తుంది, కోపం ఏమీ లేదు.